కప్పు విప్పినప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలి

ఈ ఉద్యోగం అంటే ఇదీ

యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగంలో ఓవర్సీరుగా చేరి, తర్వాత రకరకాల హోదాల పేర్లతో అదే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పేర్లు మారాయి గాని పని మారలేదు. పాత భవనానికి మరమ్మతు వచ్చిందంటే అందులో ఉన్న ఆఫీసుల్నీ, క్లాసుల్నీ, మనుషుల్నీ ఎక్కడికి మార్చాలో చూడటం, పనయ్యాక మళ్ళీ తెచ్చి ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టడం నా పని. పెద్ద ఇంజనీర్లకి ఇది చిన్నతనంగా ఉండేది. శ్లాబు వేస్తే పేరొస్తుంది. బల్లలు మోయించినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే ఆ పని నాలాంటి డిప్లొమా వాళ్ళ నెత్తిన పడేది.

మా నాన్న వినగడపలో వ్యవసాయం చేసేవాడు. నేను సెలవుకి వెళ్ళినప్పుడు, "ఉద్యోగంలో ఏం చేస్తన్నావురా?" అని అడిగితే, "ఒక గదిలో వాళ్ళని ఇంకో గదిలోకి మారుస్తున్నాను" అన్నాను. ఆయన, "దానికి చదువెందుకురా, రెండెడ్ల బండ్లు చాలు గదా" అన్నాడు. అప్పట్లో నాకూ అలాగే అనిపించేది.

పనిలోకి దిగాక గాని తెలియలేదు. చదువుకున్నవాళ్ళు జీతం ఆలస్యమైనా సర్దుకుంటారు గాని, కూర్చునే చోటు మారితే సర్దుకోరు. కిటికీ పక్కన బల్ల కోసం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసిన ప్రొఫెసర్లని చూశాను. గది చిన్నదైందని రాజీనామా చేస్తానని గుమ్మంలో నిలబడి అరిచిన పెద్దమనిషిని చూశాను. చేయలేదనుకోండి. ఇలాంటివాళ్ళని చూసి లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. మీరూ నవ్వుకుంటారు. వాళ్ళ ఎదురుగా మాత్రం నవ్వకండి, ఆ తర్వాత మీకు టేపు పట్టుకోవడానికి కూడా మనిషి దొరకడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను గనక ప్రమోషన్ల గొడవ, టెండర్ల గొడవ ఎత్తను. డెబ్భయ్యో దశకంలో తిరువూరులో ఒక కాలేజీ కప్పు విప్పి మళ్ళీ కట్టినప్పుడు జరిగింది చెబుతాను. నాకు ఈ పని నేర్పినవాళ్ళు నాకు అక్కడే దొరికారు.

చెదలు తిన్న దూలాలు

తిరువూరు కాలేజీ మా యూనివర్సిటీ కిందే నడిచేది. ఎవరో పెద్ద రైతు ఒకప్పుడు కట్టించుకున్న బంగళా అది. ముందు ఒక వరస గదులు, వెనక ఒక వరస, ముందు వైపు పొడుగాటి వరండా. వరండాకి ఎదురుగా గేటు, గేటు దాటితే రోడ్డు. సైన్సు లాబులు పక్కన రేకుల షెడ్లలో ఉండేవి. బంగళా పైన పాతకాలం మిద్దె: టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, ఆ పైన సున్నం.

ఆ టేకుని చెదలు ముట్టదని ఊళ్ళో అందరికీ నమ్మకం. చెదలు ఆ మాట వినలేదు. ఒక వానాకాలం వెనక వరసలో క్లాసు జరుగుతుండగా ఇంత పెచ్చు ఊడి లెక్చరర్ గారి బల్ల మీద పడింది. అదృష్టం కొద్దీ ఆయన అప్పుడు బోర్డు దగ్గర ఉన్నారు. మా వాళ్ళు వచ్చి దూలాలకి సుత్తి వేసి చూస్తే రెండు మూడు చోట్ల లోపలంతా డొల్ల. వెనక వరస కప్పు మొత్తం తీసేసి శ్లాబు వేయాలని తేల్చారు.

ఇలాంటి పని వేసవి సెలవుల్లో కానిచ్చేయాలి. అది ఎవరికైనా తెలుసు. కాని ఆ రోజుల్లో సిమెంటు ప్రభుత్వం ఇచ్చే పర్మిట్ మీద వచ్చేది. మా పర్మిటు వచ్చి, సిమెంటు బస్తాలు లారీ దిగేసరికి సెలవులు అయిపోయాయి, కాలేజీ తెరిచారు, వానలూ మొదలయ్యాయి. "కప్పు విప్పండి, కాలేజీ ఆపకండి" అని పైనుంచి ఉత్తర్వు. ఆ రెండు ముక్కలూ రాసిన పెద్దాయన తిరువూరు ఎప్పుడూ రాలేదు.

వెనక వరసలో ఆఫీసు ఉంది, స్టాఫ్ రూమ్ ఉంది, పెద్ద క్లాసు గదులు ఉన్నాయి. ముందు వరస గట్టిగానే ఉంది. అందులో ఒక చివర ప్రిన్సిపాల్ గారి గది, మధ్యలో లైబ్రరీ, ఇంకో చివర అమ్మాయిల వెయిటింగ్ రూమ్. వెనకవాళ్ళందరినీ ఈ మూడు గదుల్లోనూ, బయటెక్కడైనానూ సర్దాలి. కొలత టేపు పట్టుకుని బెజవాడ బస్సు దిగాను.

ప్రిన్సిపాల్ గారు

ప్రిన్సిపాల్ విశ్వనాథం గారు ఇంగ్లీషు చెప్పేవారు. పంచె, పొడుగు చేతుల చొక్కా, చేతిలో ఎప్పుడూ గొడుగు. గొంతు ఎంత పెద్దదంటే, ఆయన తన గదిలో కోప్పడితే రోడ్డు మీద రిక్షావాడు బ్రేకు వేసేవాడని అటెండర్లు చెప్పుకునేవారు. నేను వెళ్ళి నమస్కారం పెట్టగానే, "ఏమయ్యా ఓవర్సీరూ, నా కాలేజీని ఎక్కడికి పారేస్తావ్?" అన్నారు.

"ఎక్కడికీ పారేయనండి. కొన్నాళ్ళు సర్దుకోవాలి, అంతే."

"సర్దుకునేది ఎవరు? నువ్వా, నేనా?"

ఉద్యోగమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఏ భవనం నక్షా ముందర పెట్టుకున్నా ఆయన గొంతుతోనే వినపడేది.

కోపం ముక్కు మీదే ఉండేది గాని, ఆ కోపం ఎవరి మీదా మర్నాటిదాకా నిలిచేది కాదు. కాలేజీలో ప్రతి పిల్లవాడి పేరూ, ఊరూ తెలుసు ఆయనకి. పక్క ఊళ్ళ నుంచి నడిచొచ్చేవాణ్ణీ, గంపలగూడెం నుంచి బస్సులో వచ్చేవాణ్ణీ విడివిడిగా గుర్తుపెట్టుకుని, వాన రోజుల్లో నడిచొచ్చేవాడు ఆలస్యమైతే ఊరుకునేవారు, బస్సువాణ్ణి ఊరుకునేవారు కాదు.

హెడ్ క్లర్క్ సుబ్బారావు గారిది ఇంకో తంతు. "ఆఫీసు కదిపితే ఆ ఏడాది పరీక్షలు జరగవండి, నేను చెబుతున్నాగా" అని రోజూ పొద్దున్నే నాకు దీవెన ఇచ్చేవారు. ఇనప్పెట్టె ఎక్కడ పెడతారు, బీరువాలు ఏ గోడకి పెడతారు, ఫీజు కట్టే కిటికీ ఏది, అన్నీ తనే తేల్చాలి. మొదట విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, ఆ బీరువాలు ఉన్న వరసలోనే కొత్త చోట పెడితే ఆయన కళ్ళు మూసుకుని ఏ కాగితమైనా తీయగలరని. ఆ మొండితనం వల్లే ఆఫీసు పొద్దున కదిలి మధ్యాహ్నానికి తెరుచుకుంది. ఇలాంటి మనిషి మీకు దొరికితే, ఆయన సణుగుడుకి దణ్ణం పెట్టి చెప్పినట్టు చేయండి.

లైబ్రరీలో ఒక మూల

అందరం కూర్చుని ఎవరెక్కడో తేల్చుకున్నాం. క్లాసులకి రోడ్డవతల మామిడికాయల గోడౌను దొరికింది. సీజను అయిపోయింది గనక అది ఖాళీగానే ఉంది, కమీషన్ వ్యాపారి సంతోషంగా ఇచ్చాడు. స్టాఫ్ రూము లైబ్రరీలో సగం. ఇక ఆఫీసు. ఇనప్పెట్టె, బీరువాలు పట్టాలంటే పెద్ద గది కావాలి, తాళం బిగువుగా ఉండాలి, ముందు వరసలోనే ఉండాలి.

ప్రిన్సిపాల్ గారు నక్షా మీద గొడుగు కొన ఆనించి, "ఇదిగో, ఆడపిల్లల గది ఉంది కదా. రోజంతా ఖాళీగానే ఉంటుంది. ఆఫీసుకి అదిచ్చెయ్" అన్నారు.

"మరి వాళ్ళండీ?" అన్నాను.

"ఎంతమందున్నారయ్యా? లైబ్రరీలో ఒక మూల చెక్క తెర కట్టించు. కూర్చుంటారు."

ఆ రోజుల్లో మా వైపు కాలేజీల్లో పద్ధతి మీకు తెలియకపోవచ్చు. క్లాసు లేనప్పుడు అమ్మాయిలు వరండాలో నిలబడేవాళ్ళు కాదు. వెయిటింగ్ రూములో తలుపేసుకుని కూర్చునేవారు. గంట కొట్టాక లెక్చరర్ గారు ఆ గుమ్మం మీదుగా వెళ్తుంటే ఆయన వెనకే వరసగా బయటికొచ్చి క్లాసులోకి వెళ్ళేవారు. క్లాసు అయ్యాక ఆయన వెనకే మళ్ళీ గదిలోకి. మధ్యలో ఎవరూ ఒంటరిగా కనపడేవారు కాదు. ఎప్పుడు చూసినా తలుపు వేసి ఉండేది గనక, గదిలో ఎవరూ లేరనే అందరూ అనుకునేవారు. అంతమంది మగవాళ్ళం ఆ నక్షా చుట్టూ కూర్చున్నాం. ఆ తలుపు లోపలికి ఒక్కరమూ ఎప్పుడూ వెళ్ళినవాళ్ళం కాదు. ప్రిన్సిపాల్ గారి మాట అందరికీ సబబుగానే తోచింది.

గడ్డి వాసన

బల్లలు మార్చిన రోజు గురించి చెప్పకపోతే విశ్వనాథం గారికి అన్యాయం చేసినట్టే. కూలీలు తక్కువ పడ్డారు, అటెండర్లు ఇద్దరే, మబ్బు పట్టి ఉంది. లెక్చరర్లు వరండాలో చేతులు కట్టుకుని నిలబడి సలహాలు ఇస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు గొడుగు గోడకి ఆనించారు, పంచె ఎగగట్టారు, ఒక పొడుగు బెంచీకి ఒక కొస పట్టుకుని, "ఏమయ్యా, రెండో కొస నేనే పట్టుకోవాలా?" అని కేకేశారు. అంతే. లెక్కల లెక్చరర్ పరుగెత్తాడు, ఆయన వెనక మిగతావాళ్ళు. వాన మొదలయ్యేలోపు కాలేజీ మొత్తం రోడ్డు దాటింది. పెద్దవాడు బెంచీ ఎత్తితే పని ఎలా జరుగుతుందో నేను మొదటిసారి చూసింది అప్పుడే. నేను కూడా ఉద్యోగంలో పెద్దవాణ్ణయ్యాక చాలాసార్లు బెంచీలు ఎత్తాను.

గోడౌనులో మగ్గబెట్టిన పళ్ళ వాసన, ఎండుగడ్డి వాసన పోలేదు. మధ్యాహ్నం క్లాసుల్లో పిల్లలకి ఒకటే ఆకలి. ఎలాగైతేనేం, పాఠాలు ఆగలేదు. వెనక వరసలో కప్పు విప్పారు. దూలాలు దింపుతుంటే చెదలు తిన్న పొట్టు ఊకలా రాలింది. ఆఫీసు కొత్త గదిలో నడుస్తోంది, సుబ్బారావు గారి కుర్చీ మీదకి ఫాను గాలి కూడా వస్తోంది. ఇంతకంటే ఏం కావాలి? పెద్ద ఇంజనీరు గారు వచ్చి చూసి నా వీపు తట్టి వెళ్ళారు.

ఖాళీ బెంచీ

కొన్నాళ్ళకి గోడౌనులో ముందు బెంచీ పలచబడింది. అమ్మాయిలు కూర్చునే బెంచీ అది. ఒకమ్మాయికి జ్వరమట. ఇంకొకమ్మాయి మేనత్త ఇంటికి వెళ్ళిందట. వినగడప నుంచి వచ్చే అమ్మాయిని వాళ్ళ నాన్నే, "నాట్లు పడుతున్నాయి, ఇంట్లో మనిషి కావాలి" అని ఆపేశాడు. ఆయన పొలం నాకు తెలుసు. నాట్లకి కూతుర్ని ఎప్పుడూ దింపినవాడు కాదు. అయినా ఎవరింటి సంగతి వాళ్ళది అనుకున్నాం.

అప్పుడొచ్చారు ఖాదర్ గారు. బస్టాండు పక్కన అద్దె సైకిళ్ళ కొట్టు ఆయనది. కాలేజీ కుర్రాళ్ళలో సగం మంది ఆయన దగ్గరే సైకిలు తీసుకునేవాళ్ళు. ఆయన కూతురు షాహిన్ బీయస్సీ ఆఖరి సంవత్సరం. వాళ్ళ వీధిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి అమ్మాయి. ఖాదర్ గారు ప్రిన్సిపాల్ గారి గుమ్మంలో నిలబడి, చెప్పులు బయటే విడిచి, "అమ్మాయి సర్టిఫికెట్లు ఇప్పిస్తారాండి" అన్నారు. నేను లోపలే ఉన్నాను.

"సర్టిఫికెట్లేంటయ్యా? ఇంకెన్నాళ్ళుంది పరీక్షలకి? బుద్ధుందా?" ప్రిన్సిపాల్ గారి గొంతుకి కిటికీ అద్దాలు అదిరాయి.

ఖాదర్ గారు తల వంచుకుని, "చదువు చాలనుకున్నామండి" అన్నారు.

"నువ్వనుకున్నావా, ఆ పిల్ల అనుకుందా?"

ఖాదర్ గారు నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ గారు హాజరు పట్టీ తెప్పించి చూశారు. షాహిన్ కి ఇంకో నాలుగు వారాలు పోతే హాజరు చాలదు, పరీక్షకి కూర్చోనివ్వరు. అక్కడితో ఆమె చదువు అయిపోయినట్టే. ఆమె ఆగిపోతే మిగతా ఇళ్ళవాళ్ళు, "ఆఖరి సంవత్సరం పిల్లనే మాన్పించారు" అని ఆమెనే చూపిస్తారు. ఇది ఆయనకి నాకంటే ముందే అర్థమైంది.

"ఓవర్సీరూ, గొడుగు తీసుకో. ఆయన ఇంటికెళ్దాం" అన్నారు.

తెర వెనక నుంచి

ఇల్లు కొట్టు వెనకే. ముందుగదిలో నవారు మంచం, బెంచీ, గోడకి ఆనించిన సైకిలు చక్రాలు. లోపలి గుమ్మానికి పూలపూల తెర. ఖాదర్ గారు కంగారుపడి హోటల్ నుంచి టీ తెప్పించారు. ప్రిన్సిపాల్ గారు టీ ముట్టుకోలేదు.

"ఖాదర్, నీ కొట్లో సైకిలు తీసుకునే కుర్రాళ్ళెవరన్నా అమ్మాయిని ఏమన్నా అన్నారా? పేరు చెప్పు. కాలేజీలో ఉండనివ్వను."

"అయ్యో, అట్టాంటిదేం లేదండి. పిల్లలు మంచోళ్ళే."

"మరి నేనేమన్నా అన్నానా?"

"మీరెందుకంటారు సార్?"

"మరేంటయ్యా!"

ఖాదర్ గారు చేతులు నలుపుకుంటున్నారు. అంతలో తెర వెనక నుంచి ఆడమనిషి గొంతు వినపడింది. ఖాదర్ గారి భార్య. మేం ఆమెని చూడలేదు. గొంతు మాత్రం స్పష్టంగా, తడబాటు లేకుండా వచ్చింది.

"ఆయన చెప్పలేరండి. నేను చెప్తా. ఇంతకుముందు మా పిల్లలకి ఒక గది ఉండేది. ఆ గదికి వెనకమాల దొడ్డి ఉండేది. ఇప్పుడా గదిలో మీ గుమాస్తాలు కూర్చుంటన్నారు. దొడ్డికెళ్ళాలంటే పిల్ల వాళ్ళ బల్లల మధ్య నుంచి ఎల్లాలి. ఎట్టా ఎల్తదండి? అందుకని పొద్దున ఇంట్లో బయల్దేరేప్పుడే మంచినీళ్ళు మానేసింది. సాయంత్రం ఇంటికొచ్చేదాకా చుక్క నీళ్ళు ముట్టదు. రెండు నెలల్లో ఒళ్ళు చెడింది. జొరం, నడుం నెప్పి. ఆడపిల్లల సంగతి, మేం ఎవరికని చెప్పుకుంటాం? అందరిళ్ళలో ఇదే. ఒకళ్ళకి జొరమంటారు, ఒకళ్ళు ఊరెళ్ళిందంటారు. అంతే."

ఆ గది కొలతలు నా టేపు మీద ఉన్నాయి. దాని వెనక ఉన్న దొడ్డి నా నక్షాలో కూడా ఉంది, చిన్న చతురస్రం. అది ఎవరిదో అందులో రాసి లేదు.

ఆ మాట నుంచి తప్పించుకునే తోవలు చాలా ఉన్నాయి. "నాకెవరూ చెప్పలేదు" అనొచ్చు. "కొన్నాళ్ళే కదమ్మా" అనొచ్చు. నా సర్వీసులో ఈ రెండు మాటలూ అన్న పెద్దవాళ్ళని కోకొల్లలుగా చూశాను. విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు. తెర వైపు తిరిగి, ఆ పెద్ద గొంతుని ఎంత తగ్గించగలరో అంత తగ్గించి అన్నారు:

"అమ్మా, ఆ గది తీసెయ్యమన్నది నేనే. తప్పు నాది. చెప్పి నాకు మేలు చేశారు. ఎల్లుండి సోమవారం పిల్లని పంపండి. గది ఉంటుంది."

ఖాదర్ గారు నెమ్మదిగా అన్నారు: "పంపిస్తానండి. ఏమీ అనుకోకండి, నేను కూడా వచ్చి గేటు దగ్గర కూర్చుంటా. సాయంత్రం దాకా. కొట్టు మూసేస్తా."

"కూర్చో. కుర్చీ వేయిస్తా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అప్పుడు టీ తాగారు. చల్లారిపోయిన టీ.

ఎవరు సర్దుకోవాలి

తిరిగి వస్తుంటే దారిలో అడిగారు: "ఆఫీసుని ఎల్లుండికి ఖాళీ చేయించగలవా?"

"చేయలేనండి. ఇనప్పెట్టె గోడలో దిగ్గొట్టాం. పరీక్ష దరఖాస్తులు నడుస్తున్నాయి. రెండు వారాలన్నా పడుతుంది."

"నా గదికి బాత్రూం ఉంది కదా?"

"ఉందండి. కానీ మీరు..."

"తలుపుకి లోపలి గడియ?"

"ఉందండి."

"ఇంకేం" అని గొడుగు తెరిచారు. వాన కూడా లేదప్పుడు.

ఆదివారం నాడు ఆయన బల్ల వరండాలోకి వచ్చింది. జల్లు కొట్టకుండా పక్కన తాటాకు తడిక కట్టించాను. ఆడపిల్లలున్న క్లాసులన్నీ గోడౌను నుంచి లైబ్రరీ మిగతా సగంలోకి, మగపిల్లల క్లాసులు మాత్రమే గోడౌనుకి, ఇలా టైంటేబులు తిరగరాసుకున్నాం. ఆయన పేరుబోర్డు తీసి వరండాలో కడదామని అడిగితే, "నేను కనపడనా ఏంటి, బోర్డెందుకు?" అని విసుక్కున్నారు. అటెండరు చేత ఒక కొత్త కూజా తెప్పించి, మూత పెట్టించి, గ్లాసు బోర్లించి, తన బల్లకి కాస్త దూరంగా వరండాలో పెట్టించారు.

సుబ్బారావు గారు ఇదంతా చూశారు. బీరువాల వరస కోసం నాతో యుద్ధం చేసిన మనిషి. తన కుర్చీ పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ప్రిన్సిపాల్ గారు బయట, నేను లోపల ఫాను కింద. ఎట్టా కూర్చోనయ్యా?" అన్నారు. ఆ ఏడాది శ్లాబు పడి, ఆఫీసు వెనక్కి వెళ్ళే వరకూ ఆయన తన గదిలో ఫాను వేయించలేదు. చెమటలు కక్కుతూనే పని చేశారు. క్లర్కులు తిట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆఫీసు గదుల సర్దుబాటులో నాకు తర్వాత పెద్ద పెద్ద పనులు పడ్డాయి. నేనెప్పుడూ ఒకటే చేసేవాణ్ణి. ఖాళీగా ఉందని చెప్పిన ప్రతి గది తలుపూ తట్టించి, లోపల ఎవరుంటారో ఆడమనిషిని పంపి కనుక్కునేదాకా నక్షాలో గీత గీసేవాణ్ణి కాదు. ఎవరన్నా "పెద్దవాళ్ళు సర్దుకోలేరు" అంటే నాకు నవ్వొచ్చేది. సర్దుకోగల పెద్దవాణ్ణి నేను చూశాను. అంత గొప్పగా కుర్చీ వదులుకున్నవాణ్ణి మళ్ళీ చూడలేదు. ఆయన మీద నాకున్న గౌరవం ఇన్నేళ్ళలో తగ్గలేదు.

సోమవారం

సోమవారం పొద్దున షాహిన్ వాళ్ళ నాన్నతో వచ్చింది. పక్కన ఇంకో ఇద్దరమ్మాయిలు. వాళ్ళని కూడా ఆమె తల్లే ఇళ్ళకెళ్ళి పిలిచిందని తర్వాత తెలిసింది. షాహిన్ బాగా చిక్కిపోయింది. వరండాలో బల్ల దగ్గర ప్రిన్సిపాల్ గారిని చూసి ఆగిపోయి, నమస్కారం పెట్టి, ఎటు వెళ్ళాలో తెలియక చుట్టూ చూసింది. ఆయన తలెత్తకుండా కలంతో తన గది వైపు చూపించారు. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. లోపల గడియ పడింది.

గేటు దగ్గర కుర్చీ వేయించి ఉంచారు. ఖాదర్ గారు దాంట్లో కొసన కూర్చున్నారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను శ్లాబు పని దగ్గరికి వెళ్ళకుండా ఏదో వంకతో వరండాలోనే తచ్చాడాను. ఆలస్యంగా వచ్చిన లెక్చరర్లు ప్రిన్సిపాల్ గారి బల్ల ముందు నుంచి నడవాల్సి వచ్చి, తలలు వంచుకుని నడిచారు. కుర్రాళ్ళు వరండా వైపే రాలేదు. గంట కొట్టాక కెమిస్ట్రీ ఆయన వెనక అమ్మాయిలు లైబ్రరీలోకి వెళ్ళారు, మళ్ళీ ఆయన వెనకే గదిలోకి వచ్చారు. గదిలో ఎవరో నవ్వారు. ఖాదర్ గారు అటు చూశారు, మళ్ళీ రోడ్డు వైపు తిరిగారు.

ఎండ కాస్త పైకొచ్చాక గడియ తీసిన చప్పుడైంది. షాహిన్ ఒక్కతే బయటికి వచ్చింది. కూజా దగ్గరికి వెళ్ళి గ్లాసు నిండా వంచుకుని, అక్కడే నిలబడి మొత్తం తాగింది. మళ్ళీ వంచుకుని సగం తాగింది. గ్లాసు బోర్లించి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ప్రిన్సిపాల్ గారు రాస్తున్న కలం ఆపేశారు. ఎవరికీ కనపడకూడదని కాబోలు, మొహం తడిక వైపు తిప్పుకున్నారు. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, దాచుకోవడానికి నాకు తడిక కూడా లేదు.

ఖాదర్ గారు లేచారు. టోపీ పెట్టుకుని, కుర్చీని తనే మోసుకొచ్చి వరండాలో గోడ పక్కన పెట్టారు.

"వెళ్ళొస్తానండి. కొట్టు తెరవాలి, పిల్లలు సైకిళ్ళ కోసం వచ్చి నిలబడుంటారు" అన్నారు.

"సాయంత్రం దాకా ఉంటానన్నావుగా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఎందుకండీ" అని ఆయన గేటు దాటి, బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయారు.